రంగులు చూసి అడుగెయ్యాలి

ఉత్తర డకోటా అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని, గోధుమ చేలతో, ఆగని గాలితో నిండిన రాష్ట్రం. తూర్పు నుంచి కారులో వచ్చేవాళ్లకు గంటల తరబడి ఒకటే మైదానం. పడమటి అంచుకు చేరేసరికి ఆ మైదానం ఉన్నట్టుండి తెగిపోతుంది. రోడ్డు పక్కనే నేల వందల అడుగుల లోతుకు దిగిపోయి, చారలు చారలుగా, ఎక్కడికక్కడ కోతకు గురైన మట్టి దిబ్బలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. ఇలాంటి నేలను భూగర్భ శాస్త్రజ్ఞులు బ్యాడ్‌లాండ్స్ అంటారు. విశాఖపట్నానికీ భీమిలికీ మధ్యనున్న మన ఎర్రమట్టి దిబ్బలు కూడా ఈ కోవలోవే. కాకపోతే అవి ఒక పూటలో చుట్టి రాగలిగినవి. ఇవి లిటిల్ మిస్సోరీ అనే నది వెంట రోజుల తరబడి సాగుతూనే ఉంటాయి.

ఈ దిబ్బల మీదుగా ఒక బాట ఉంది. పేరు మా డా హే. మాండన్ జాతి వాళ్ల భాషలోంచి తీసుకున్న పేరు. దక్షిణ కొసన బర్నింగ్ కోల్ వెయిన్ అనే మజిలీ, ఉత్తర కొసన సీసీసీ అనే మజిలీ, మధ్యలో 144 మైళ్లు, అంటే సుమారు 230 కిలోమీటర్లు. ఉత్తర భాగం, దాదాపు 96 మైళ్లు, 1999లో తెరిచారు. దక్షిణ భాగం ఆ తర్వాత కలిసింది. మోటారు పెట్టిన బండి ఏదీ దీని మీదికి రాకూడదు. నడిచేవాళ్లు, గుర్రాల మీద పోయేవాళ్లు, మౌంటెన్ సైకిళ్ల వాళ్లు ఒకే బాటను పంచుకోవాలి. అదీ చాలాచోట్ల మనిషి వెనక మనిషి మాత్రమే పోగలిగినంత సన్నపు బాట.

ఈ దారిలో కాలు ఎక్కడ జారుతుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, నీడ ఏ వాలు మీద ఉంటుంది, సైకిలు ఎక్కడ పక్కకి తిప్పుకోవాలి అన్నవాటిలో ఎక్కువ మనుషులకంటే చాలా ముందే తేలిపోయాయి. తేల్చినవి అగ్నిపర్వతాల బూడిద, బొగ్గు పొరలు, ఒక మంచు పలక. వీటికి తోడు అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు బూడిద. ఈ దిబ్బలు అడ్డంగా కోసిన పొరల దొంతర. లేత గోధుమ రంగువి, బూడిద రంగువి, నల్ల చారలు, ఎర్ర టోపీలు, అక్కడక్కడా నీలి ఛాయ ఉన్న పట్టీలు. ఎండాకాలంలో ఆ నీలి పట్టీల దగ్గరికి వెళ్లి చూస్తే పైన మట్టి పేలాల్లా విచ్చుకుని, పొడిపొడిగా, చెప్పు కింద కరకరలాడుతూ ఉంటుంది. ఎంత అమాయకంగా ఉంటుందో! ఒక్క జల్లు పడనిస్తే దాని అసలు గుణం తెలుస్తుంది. పది అడుగులు వేసేసరికి ఒక్కో బూటుకూ కిలోల బరువు అంటుకుంటుంది. సైకిలు చక్రం ఫోర్కులో ఇరుక్కుని తిరగడం మానేస్తుంది. గుర్రం గిట్టలు పక్కకి జారతాయి. అందుకే ఈ బాట మీద మొదటి నియమం, వాన పడితే ఆగిపోవడం. గుడారం వేసుకుని కూర్చోవాలి, నేల ఆరేదాకా కదలకూడదు. కదిలితే మనకే కాదు, బాటకూ నష్టం. తడి మట్టిలో పడిన గిట్టల గుంటలూ చక్రాల చాళ్లూ ఎండాక ఇటుకలంత గట్టిగా బిగిసిపోతాయి.

ఆ మట్టి పేరు బెంటొనైట్. అందులో ఎక్కువ భాగం స్మెక్టైట్ అనే జాతి ఖనిజం. నానోమీటరు మందమున్న పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పలకలకు ఋణావేశం ఉంటుంది కనుక వాటి మధ్య సోడియం వంటి ధన అయాన్లు చేరతాయి. నీరు తగలగానే అణువులు ఆ అయాన్ల చుట్టూ చేరి పలకలను ఎడంగా నెడతాయి. మట్టి ఉబ్బుతుంది, పలక మీద పలక జారుతుంది. ఎండితే నీరు పోయి కుంచించుకుని బీటలు వారుతుంది. నల్లరేగడి చేలో నడిచినవాళ్లకు ఇదంతా కొత్తగా చెప్పనక్కర్లేదు. వానాకాలం ఆ చేలో చెప్పులు వదిలేసి రావడం, ఎండాకాలం అదే చేలో చెయ్యి పట్టేంత పగుళ్లు చూడటం, రెండూ ఈ ఖనిజ కుటుంబం పనే. ఆదిలాబాద్ రేగడి దక్కను లావా రాయి చివికి పుట్టింది. డకోటా బెంటొనైట్ ఎక్కడో పడమటి దిక్కున పేలిన అగ్నిపర్వతాల బూడిద గాలికి కొట్టుకొచ్చి, నీటిలో పడి, మారి పుట్టింది. రెండింటి వంశమూ అగ్నిపర్వతాలదే.

కాలం కూడా దగ్గర దగ్గరే. దక్కను లావాలు పొంగింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద, డైనోసార్లు అంతరించిన రోజుల్లో. మా డా హే బాట కింద కనిపించే పొరలు ఆ ప్రళయం ముగిశాక, పేలియోసీన్ యుగంలో పేరుకున్నవి. అప్పుడు పడమట రాకీ పర్వతాలు లేస్తున్నాయి. లేస్తున్న కొండలను వానలు అరగదీస్తుంటే ఆ మట్టీ ఇసుకా మోసుకుని నదులు తూర్పుకు పారేవి. ఇప్పుడు చలికాలంలో సున్నాకి దిగువన 30 డిగ్రీలు కూడా చూసే ఈ చోటు అప్పట్లో వెచ్చని బురద అడవి. సైప్రెస్, మెటాసెకోయా వంటి మహా వృక్షాలు నీళ్లలో నిలబడి పెరిగేవి. చాంప్సోసారస్ అనే మొసలి రూపపు జంతువు ఆ నీళ్లలో చేపలు పట్టుకునేది. దాని ఎముకలు ఈ పొరల్లోనే దొరికాయి. పెద్ద జంతువుల రాజ్యం పోయి, మన పూర్వీకులైన చిన్న చిన్న పాలిచ్చే జంతువులు ధైర్యంగా పగటిపూట తిరగడం మొదలుపెట్టిన కాలమది.

బూడిద ఇంకో పని కూడా చేసింది. బాట థియోడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కు దక్షిణ విభాగం పడమటి కొసను తాకుతుంది. అక్కడ రాయిగా మారిన చెట్ల మొదళ్లు వరసగా నిలబడి ఉంటాయి. బూడిదలోని సిలికా భూగర్భ జలంలో కరిగి, బురదలో పూడుకుపోయిన మానుల్లోకి ఇంకి, కణం తర్వాత కణంగా చెక్క స్థానాన్ని ఆక్రమించింది. వయసు వలయాలు ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. ఒకే బూడిద ఒకచోట చెట్టును రాయి చేసింది, ఇంకోచోట రాయి కావలసినదాన్ని జారుడు బంకగా మార్చింది. బాట మీద పోయేవాడు రెంటినీ అరగంట తేడాతో చూస్తాడు.

చెట్లన్నీ రాయి కాలేదు. ఎక్కువ భాగం కుళ్లీ కుళ్లకుండా నీటి అడుగున పేరుకుని, పైన మట్టి బరువుకు నలిగి, లిగ్నైట్ అనే నాసిరకం రాకాసి బొగ్గయింది. దిబ్బల్లో కనిపించే నల్ల చారలు అవే. ఇక ఈ నేల కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టానికి వద్దాం. ఈ బొగ్గు ఉన్నచోటే, నేలలోనే కాలుతుంది.

కాలడానికి మనుషులు నిప్పు పెట్టక్కర్లేదు. నది కోతకు బొగ్గు పొర అంచు బయటపడుతుంది. పిడుగు పడో, గడ్డి మంటలు పాకో అంటుకోవచ్చు. ఏదీ లేకపోయినా లిగ్నైట్ గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ తనంతట తనే వేడెక్కి రాజుకోగలదు. మంట అంచు నుంచి లోపలికి పాకుతుంది. లోపలికి పోయేకొద్దీ గాలి అందక ఆరిపోవాలి కదా? ఆరదు, ఎందుకంటే బొగ్గు కాలి బూడిదైన చోట ఖాళీ ఏర్పడి పైకప్పు కుంగుతుంది, కుంగినప్పుడు పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లే కొత్త పొగగొట్టాలు. మంట తన గాలిని తనే తెచ్చుకుంటుంది. బాటకు దక్షిణ కొసన ఉన్న మజిలీ పేరు ఇలాంటి మంట వల్లే వచ్చింది. అక్కడి బొగ్గు పొర దశాబ్దాల పాటు కాలింది. ఆ చుట్టుపక్కల జూనిపర్ చెట్లు మామూలుగా గుబురుగా పెరగకుండా స్తంభాల్లా సన్నగా, నిటారుగా ఉంటాయి. బొగ్గు పొగలోని వాయువుల వల్లే అవి అలా తయారయ్యాయని చాలాకాలం చెప్పుకున్నారు. నేషనల్ పార్కు లోపల మరో పొర 1951లో అంటుకుని 1977 దాకా కాలింది. మనకు ఇలాంటివి కొత్త కాదు. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో బయటపడిన మంట ఇంకా ఆరలేదు. అయితే అక్కడ మనిషి తవ్వకం గాలికి దారిచ్చింది, ఇక్కడ నది తవ్వకం ఇచ్చింది.

బొగ్గు కాలితే పైనున్న బంకమట్టి ఏమవుతుంది? ఇటుక బట్టీలో పచ్చి ఇటుక ఏమవుతుందో అదే. మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్ అవుతుంది, ఎరుపెక్కుతుంది. వేడి మరీ ఎక్కువైన చోట మట్టి కరిగి, చిట్టెంలా గడ్డకడుతుంది. ఈ కాలిన రాతిని శాస్త్రజ్ఞులు క్లింకర్ అంటారు. ఊళ్లో వాళ్లు మాత్రం అగ్నిపర్వత రాయి అన్నట్టు స్కోరియా అనే పిలుస్తారు. దిబ్బల నెత్తిన కనిపించే ఎర్ర టోపీలు ఇవే. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానకు కొట్టుకుపోయినా ఈ టోపీ కింద ఉన్నది నిలిచిపోతుంది. గట్టిదనం ఒక్కటే దీనికి కారణం కాదు. క్లింకర్ నిండా పగుళ్లే, పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతుంది. పైన పారే నీరు లేకపోతే కోసేది ఏముంది?

ఇక్కడ బాట నడక ఒక రంగుల చదువుగా మారుతుంది. వాన వెలిసిన మర్నాడు ఎర్ర నేల వస్తే చక్రం హాయిగా తిరుగుతుంది. నీలం, బూడిద రంగు పట్టీ వస్తే దిగి నడిపించాలి, లేదా ఆగాలి. ఇసుకరాతి గోధుమ రంగు చాలా మటుకు నమ్మదగ్గది. ఈ ప్రాంతంలో కంకర రోడ్లు కూడా ఎర్రగా ఉంటాయి, దగ్గర్లో దొరికే గట్టి రాయి క్లింకరే కనుక. కార్ల టైర్లకు పదునైన ఆ ముక్కలంటే పడదన్నది వేరే విషయం.

ఇంతవరకూ చెప్పింది పొరలు పేరుకోవడం గురించి. వాటిని చెక్కిందెవరు? నది. మరి నది కోట్ల ఏళ్లు ఊరుకుని ఈమధ్యనే ఎందుకు చెక్కింది? సమాధానం మంచు పలకలో ఉంది. లిటిల్ మిస్సోరీ వ్యోమింగ్ రాష్ట్రంలో, డెవిల్స్ టవర్ అనే శిల దగ్గర్లో పుట్టి ఉత్తరానికి పారుతుంది. ఒకప్పుడు అలా ఉత్తరంగానే పోయి కెనడాలో హడ్సన్ అఖాతంలో కలిసే నదీ వ్యవస్థలో భాగంగా ఉండేది. వాలు తక్కువ, తొందర లేదు, వెడల్పాటి లోయలో మెలికలు తిరుగుతూ పోయేది. సుమారు 6 లక్షల ఏళ్ల కింద ఉత్తరం నుంచి మంచు పలక దిగి వచ్చి దారికి అడ్డంగా కూర్చుంది. నీరు ఎటు పోవాలి? తూర్పుకు తిరిగింది. కొత్త దారి పొట్టిది, వాలు ఎక్కువ. వాలు పెరిగితే వడి పెరుగుతుంది, వడి పెరిగితే కోత పెరుగుతుంది. నది పాత మట్టాన్ని వదిలి కిందికి దిగడం మొదలెట్టింది. అది దిగిందని దానిలో కలిసే వాగులూ దిగాయి, వాగులు దిగాయని వంకలూ దిగాయి. 6 కోట్ల ఏళ్ల నాటి పొరలు, 6 లక్షల ఏళ్ల నాటి చెక్కడం. అందుకే పార్కు ఉత్తర విభాగంలో, నది మలుపు తిరిగిన చోటికి దగ్గరయ్యే కొద్దీ లోయలు మరింత లోతుగా, గోడలు మరింత నిటారుగా ఉంటాయి.

ఇక్కడ ఏడాది మొత్తం కురిసేది 40 సెంటీమీటర్లకు లోపే. అనంతపురంకంటే తక్కువ. ఇంత తక్కువ వాన ఇంత కోత ఎలా కోస్తుంది? తక్కువ కావడమే కారణం. మరీ ఎక్కువ వానలుంటే గడ్డీ చెట్లూ నేలను పట్టి ఉంచేవి. ఇక్కడ వేసవిలో ఒక్కో గంటలో దభాలున పడే గాలివానలు బోడి మట్టి మీద పడతాయి. బెంటొనైట్ పైపొర తడవగానే ఉబ్బి రంధ్రాలు మూసుకుంటాయి, లోపలికి ఇంకక నీరంతా పైనే పరుగెత్తి కోసుకుపోతుంది. ఎండకు పడిన పగుళ్లలోంచి దిగిన నీరు కొన్నిచోట్ల లోపలే సొరంగాలు తొలుస్తుంది. సున్నపురాతిలో గుహలు పడ్డట్టే ఇక్కడ మట్టిలో పడతాయి. పైన చూస్తే మామూలు నేల, కింద డొల్ల. గుర్రం మీద పోయేవాళ్లు వీటి గురించి ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే.

ఒక దిబ్బకు రెండు ముఖాలుంటాయన్నది కూడా ఈ బాట మీద మొదటి రోజే తెలుస్తుంది. దక్షిణ ముఖం రోజంతా ఎండకు కాగి తేమ కోల్పోతుంది, బోడిగా ఉంటుంది. ఉత్తర ముఖం మీద మంచు ఆలస్యంగా కరుగుతుంది, తేమ నిలుస్తుంది, జూనిపర్ పొదలు ఆకుపచ్చగా కమ్ముకుంటాయి. దారి తప్పినవాడు చెట్లున్న వాలు చూసి దిక్కు చెప్పుకోవచ్చు. మధ్యాహ్నం నీడ కావాలన్నా అటే పోవాలి.

నీళ్ల సంగతి వేరు. నీళ్లే చెక్కిన ఈ నేల మీద తాగడానికి నీళ్లు ఉండవు. వాగుల్లో ఉన్న కాసిని నీళ్లలో లవణాలు, పశువుల పేడ, అన్నిటికీ మించి మట్టి. ఆ మట్టి అడుక్కి దిగదు. సోడియం వల్ల సన్నటి బంకకణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటిలోనే తేలుతుంటాయి. రాత్రంతా తేర్చినా తెల్లారి అదే రంగు. వడగట్టే ఫిల్టర్లు త్వరగా పూడిపోతాయి. బాట వెంట ఒక రోజు ప్రయాణం ఎడంలో ఉన్న మజిలీల్లో చేతిపంపులున్నాయి: కోల్ క్రీక్, వానగన్, ఎల్క్‌హార్న్, మ్యాగ్‌పై, బెన్నెట్ లాంటివి. వాటి మధ్య ఎండలో నడిచేవాళ్లకు అది చాలదు. అందుకని కంకర రోడ్లు బాటను దాటే చోట్ల ఇనప పెట్టెలు పెట్టారు. ప్రయాణానికి ముందే కారులో తిరిగి, ఆ పెట్టెల్లో నీళ్ల డబ్బాలు, పేరూ తేదీ రాసి, దాచుకుని రావాలి. నా దృష్టిలో ఈ బాటకు అసలు ప్రవేశ పరీక్ష ఇదే. కొండలెక్కే కాళ్లున్నవాళ్లు చాలామంది ఉంటారు, ఒకరోజు వెచ్చించి నీళ్లు దాచి వచ్చే ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

దారిలో చూడవలసినవి చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. డెవిల్స్ పాస్ దగ్గర రెండు వైపులా లోయ, మధ్యలో గోడ మందం మాత్రమే ఉన్న గట్టు మీదుగా బాట పోతుంది. ఒకనాటి వెడల్పాటి దిబ్బను రెండు వాగులు రెండు వైపుల నుంచీ కోస్తూ వచ్చి ఇంకా కలవని స్థితి అది. ఏదో ఒకరోజు కలుస్తాయి. ఇంకోచోట ఐస్ కేవ్స్ అనే గుహలున్నాయి. విరిగిపడిన ఇసుకరాతి బండల కింద పగుళ్లు. చలికాలపు గాలి బరువైనది కనుక ఆ గుంటల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. వసంతంలో కరిగిన మంచునీరు కారి ఆ చలికి మళ్లీ గడ్డకడుతుంది. వేసవి గాలి వెచ్చగా, తేలికగా ఉండి పైనే తిరుగుతుంది గాని కిందికి దిగదు. బయట చెమట కారుతుంటే లోపల వేసవి మొదట్లో కూడా మంచుగడ్డ కనిపించడంలో మాయ ఏమీ లేదు, గాలి బరువులో తేడా, అంతే. నదిని దాటే చోట వంతెన ఉండదు. వేసవి చివర మోకాళ్ల లోతు, మంచు కరిగే రోజుల్లో దాటకపోవడమే మేలు.

ఇప్పుడు చట్టం. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం కొన్ని అడవి నేలలను మనిషి యంత్రాలు లేకుండా వదిలెయ్యాలంది. యంత్రాలంటే మోటార్లే కాదు, యాంత్రిక రవాణా ఏదైనా సరే. సైకిలు కూడా ఆ లెక్కలోకే వచ్చింది. రూజ్‌వెల్ట్ పార్కులో కొంత భాగం 1978లో ఈ చట్టం కిందికి వచ్చింది, మిగతా పార్కులోనూ సైకిళ్లకు రోడ్లే గాని కాలిబాటలు లేవు. కాబట్టి గుర్రం, మనిషి పార్కులోంచి తిన్నగా పోతారు. సైకిలువాడు బఫెలో గ్యాప్ అనే చుట్టుదారిలో సుమారు 30 కిలోమీటర్లు తిరిగి మళ్లీ బాట మీదికి రావాలి. వందల కిలోల బరువున్న గుర్రం గిట్ట కంటే రబ్బరు టైరు నేలకు ఎక్కువ హాని చేస్తుందా అని సైక్లిస్టులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే అనిపిస్తుంది నాకు. అయితే ఆ చట్టం నేల అరుగుదలను మాత్రమే కొలిచి రాసింది కాదు. వేగంగా దాటిపోలేని చోటు ఒకటి మిగలాలన్న కోరిక కూడా అందులో ఉంది.

మూడు రకాల వాళ్లు ఒక బాట మీద ఎదురైతే ఎవరు తప్పుకోవాలి? సైకిలు అందరికీ, కాలినడక గుర్రానికి. ఇది మర్యాద కోసం పుట్టింది కాదు, గుర్రం మనసును బట్టి పుట్టింది. గుర్రం వేటాడబడే జంతువు. చప్పుడు లేకుండా దూసుకొచ్చేదేదైనా దానికి పులే. అందుకని సైకిలు దిగి, బాటకు దిగువ వైపున నిలబడి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడాలి. మాట వినిపిస్తే అది మనిషని గుర్రానికి నమ్మకం కుదురుతుంది. గుర్రాల వాళ్లకూ నియమాలున్నాయి. కలుపు గింజలు లేవని ధ్రువీకరించిన గడ్డినే మేతగా తేవాలి. దీని వెనక లీఫీ స్పర్జ్ అనే పసుప్పూల కలుపు మొక్క ఉంది. ఐరోపా, ఆసియాల నుంచి వచ్చి ఈ పచ్చిక మైదానాలను కమ్మేసింది. దాని పాలు తాకితే పశువుల నోరు పొక్కుతుంది, అవి ముట్టవు, అది ఇంకా పెరుగుతుంది. చివరికి దాని పుట్టింటి నుంచే దాని వేళ్లు తినే చిన్న పెంకు పురుగులను తెచ్చి వదిలితే చాలాచోట్ల వెనక్కి తగ్గింది.

బాట మీద తరచూ కంచెలు, వాటికి తనంతట తానే మూసుకునే గేట్లు ఎదురవుతాయి. అరణ్యమంటూ ఆవుల గేట్లేమిటి? ఈ నేలలో చాలా భాగం లిటిల్ మిస్సోరీ నేషనల్ గ్రాస్‌లాండ్, పది లక్షల ఎకరాలకు పైబడిన ప్రభుత్వ పచ్చిక బయలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం మనిషికి 160 ఎకరాలు పంచింది. తేమ ఉండే తూర్పు రాష్ట్రాల్లో ఆ ఎకరాలతో కుటుంబం బతకొచ్చు, ఇక్కడ కుదరలేదు. 1930లలో కరువు, దుమ్ము తుపానులు వచ్చి రైతులను తరిమేశాయి. ప్రభుత్వం ఆ నేలలు తిరిగి కొని గడ్డి పెంచింది, పక్కనున్న రైతులకు మేపు హక్కులు ఇచ్చింది. చెట్లు పెద్దగా లేని ఈ నేలను చూసుకునేది అటవీ శాఖ! సీసీసీ మజిలీ పేరు కూడా ఆ కరువు రోజుల్లో నిరుద్యోగ యువకులకు పని చూపిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ నుంచి వచ్చింది.

అంతకుముందే ఇంకో పాఠం జరిగింది. 1883లో బైసన్ అనే అమెరికా అడవిదున్నను వేటాడటానికి న్యూయార్క్ నుంచి కళ్లద్దాల యువకుడొకడు వచ్చాడు. పేరు థియోడర్ రూజ్‌వెల్ట్. అప్పటికే మందలు దాదాపు ఖాళీ. మరుసటి ఏడు ఫిబ్రవరి 14న భార్య, తల్లి ఒకే రోజున చనిపోతే, ఆ దుఃఖంతో ఇక్కడికే వచ్చి నది ఒడ్డున ఎల్క్‌హార్న్ అనే పశువుల క్షేత్రం పెట్టాడు. 1886-87 చలికాలం ఆ పరిసరాల పశువులను వేలకు వేలుగా చంపేసింది, రూజ్‌వెల్ట్ మందలో సగానికి పైగా పోయింది. గడ్డి భరించగలిగిన దానికంటే ఎక్కువ పశువులను తోలితే ఏమవుతుందో ఆ యువకుడు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాడు. 1901లో అధ్యక్షుడయ్యాక సుమారు 23 కోట్ల ఎకరాలను రక్షిత భూములుగా ప్రకటించడంలో ఆ చలికాలం పాత్ర లేదనలేం. ఎల్క్‌హార్న్ ఇంటి పునాది రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, బాట ఆ దగ్గర నుంచే పోతుంది.

అతనికంటే ఎంతో ముందు ఇది మాండన్, హిడాట్సా, లకోటా జాతుల నేల. మిస్సోరీ నది ఒడ్డున మట్టి ఇళ్ల గ్రామాల్లో మొక్కజొన్న పండించుకునే హిడాట్సాలు గద్ద ఈకల కోసం ఈ దిబ్బల మీదికి వచ్చేవారు. గట్టు మీద గొయ్యి తవ్వి, కొమ్మలు కప్పుకుని లోపల దాక్కుని, ఎరకు దిగిన గద్ద కాళ్లు చేత్తో పట్టుకునేవారు. 1837 మశూచి మాండన్లను దాదాపు తుడిచిపెట్టేసింది. 1864లో జనరల్ సల్లీ సేనలు ఈ దిబ్బల్లోనే లకోటాలతో పోరాడాయి. ఆ సల్లీ పేరుతో ఒక వాగు, దాని ఒడ్డున బాట మీద ఒక మజిలీ ఇప్పుడున్నాయి. బాట పేరేమో మాండన్ల భాషది.

బైసన్ మాత్రం తిరిగొచ్చింది. 1956లో నెబ్రాస్కా నుంచి 29 జంతువులను తెచ్చి పార్కులో వదిలారు, ఇప్పటి మందలు వాటి సంతానమే. అదే ఏడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి బిగ్‌హార్న్ కొండగొర్రెలను తెచ్చారు, ఇక్కడి స్థానిక జాతి అప్పటికే అంతరించింది. బైసన్ బాట మీద పడుకుని ఉంటే అది లేచేదాకా ఆగాలి, లేదా దూరంగా చుట్టి పోవాలి. దానికి ఎవరూ దారి హక్కుల పట్టిక చదివి వినిపించలేదు.

రాత్రి గుడారం బయట కూర్చుంటే దిగంతాన కొన్నిచోట్ల నారింజ రంగు వెలుగు వణుకుతూ కనిపిస్తుంది. ఈసారి బొగ్గు కాదు. బాట కింద దాదాపు మూడు కిలోమీటర్ల లోతున బాకెన్ అనే రాతి పొర ఉంది, వయసు సుమారు 36 కోట్ల ఏళ్లు. అడ్డంగా బోరు వేసి, నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టే పద్ధతి వచ్చాక, 2008 ప్రాంతాల నుంచి ఇక్కడ చమురు వెల్లువెత్తింది. చమురుతో పాటు వచ్చే వాయువును పట్టుకునే గొట్టాలు లేనిచోట తగలబెడతారు. తల ఊపే పంపులు, ట్యాంకర్ల దుమ్ము బాట నుంచి అక్కడక్కడా కనిపిస్తాయి. చట్టం ప్రకారం ఈ గ్రాస్‌లాండ్ పశువులకూ, చమురుకూ, యాత్రికులకూ కలిపి ఉన్న నేల. ఈ చమురు తవ్వకం తప్పని ఒక వైపు, రాష్ట్రం బతుకు ఇదేనని ఇంకో వైపు.

ఇంత మారే నేల మీద బాట ఎలా నిలుస్తుంది? నిలవదు, నిలబెడుతుంటారు. చలికాలంలో తడిసిన మట్టి గడ్డకట్టి, కరిగి, వసంతంలో వాలు వాలంతా జారి బాటను మింగేస్తుంది. అటవీ శాఖ మనుషులు, బాట సంఘం కార్యకర్తలు వచ్చి కొత్తగా గట్టు చెక్కుతారు. బాటను కాస్త దిగువకు వాలేలా కోస్తారు, నీరు దాని వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటిపోవాలని. పచ్చిక బయళ్లలో ఏటా గడ్డి కోస్తారు, లేకపోతే బాట ఎక్కడో ఎవరికీ తెలియదు. ఒక గుంజ దగ్గర నిలబడితే తర్వాతి గుంజ కనిపించేలా తాబేలు గుర్తు వేసిన చెక్క గుంజలు పాతారు, మైలురాళ్లూ ఆ గుంజల మీదే ఉంటాయి. ఇక్కడ ఆవులు వేసిన బాటలు మనుషులు వేసినవాటికంటే ఎక్కువ, తరచూ మెరుగ్గా కూడా ఉంటాయి, కొత్తవాళ్లు వాటినే పట్టుకుని పోయి ఏ నీళ్ల తొట్టి దగ్గరో తేలతారు. చెట్లు లేని చోట ఒళ్లు దురద పెట్టిన పశువుకు గుంజ ఒక్కటే ఆధారం. బాగా రుద్దుకుంటే అది పక్కకు ఒరుగుతుంది, ఇంకా రుద్దుకుంటే పడిపోతుంది. వేసవిలో పనివాళ్ల జాబితాలో పడిపోయిన గుంజలను లేపి పాతడం ఎప్పుడూ ఉంటుంది.